రాళ్ళ మధ్య ఉత్తరాల పెట్టె: డార్ట్‌మూర్‌లో కథలు పట్టుకుని నిధి వెతకడం ఎలా

ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో, డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు ఉంది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. ఎటు చూసినా గడ్డి, తుప్పలు, కొండల నెత్తిన ఎవరో పేర్చి వెళ్ళినట్టున్న గ్రానైట్ బండలు. ఆ బండల గుట్టను అక్కడివారు టార్ అంటారు. 954 చదరపు కిలోమీటర్ల ఈ నేషనల్ పార్కులో రాళ్ళ సందుల్లో, గడ్డి చాటున వేల కొద్దీ చిన్న పెట్టెలు దాగి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక రబ్బరు ముద్ర, ఒక చిన్న పుస్తకం ఉంటాయి. పెట్టెను వెతికి పట్టుకోవాలి. దానిలోని ముద్రను మన పుస్తకంలో, మన సొంత ముద్రను దాని పుస్తకంలో వేయాలి. తర్వాత పెట్టెను ఎక్కడిదక్కడే దాచి రావాలి. ఈ ఆట పేరు లెటర్‌బాక్సింగ్.

చాలామంది దీన్ని లెక్క కోసం ఆడతారు. వంద పెట్టెలు దొరికినవారికి అక్కడ ప్రత్యేక గౌరవం కూడా ఉంది. నేను ఇక్కడ చెప్పేది మా ఇంట్లో పిల్లలతో కలిసి నేర్చుకున్న పద్ధతి: ముందు కథ, తర్వాత రాయి, ఆ తర్వాతే పెట్టె. ఈ వరుస తప్పితే పిల్లలకు ప్లాస్టిక్ డబ్బా మాత్రమే దొరుకుతుంది. వరుస పాటిస్తే, డబ్బా దొరకని రోజు కూడా వాళ్ళు ఖాళీ చేతులతో ఇంటికి రారు. బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలు, అక్కడ చదువుకుంటున్న విద్యార్థులు, పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే అమ్మానాన్నలు, కాస్త నడవగలిగిన ఎవరైనా దీన్ని ఒక్కరోజులో చేయవచ్చు.

ముందుగా పెట్టె కథ

1854లో చాగ్‌ఫర్డ్ ఊరికి చెందిన జేమ్స్ పెరట్ క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టాడు. వచ్చినవారికి బీడు మీద దారి చూపించడం అతని వృత్తి. క్రాన్‌మియర్ ఉత్తర డార్ట్‌మూర్ నడిమధ్యన, ఏ ఊరికీ దగ్గర కాని చోటు. అక్కడికి చేరాలంటే బురద గుంటల మధ్య గంటల తరబడి నడవాలి. అంత శ్రమపడి వచ్చినవారు తమ పేరు అచ్చువేసిన కార్డును ఆ సీసాలో వేసి వెళ్ళేవారు. కాలక్రమంలో సీసా స్థానంలో రేకు డబ్బా వచ్చింది. తర్వాత సందర్శకుల పుస్తకం, ముద్ర వచ్చి చేరాయి. 1937లో అక్కడ రాతితో కట్టిన పెట్టె వెలిసింది. ఆ మరుసటి ఏడాది, డార్ట్‌మూర్‌ను అడుగడుగునా నడిచి గ్రంథస్థం చేసిన విలియం క్రాసింగ్ స్మృతిలో డక్స్ పూల్ దగ్గర మరొకటి పెట్టారు.

ఉత్తరాల పెట్టె అనే పేరు ఊరికే రాలేదు. వచ్చినవారు చిరునామా రాసి, తపాలా బిళ్ళ అంటించిన కార్డును పెట్టెలో వదిలేవారు. ఆ తర్వాత ఎవరు వస్తే వారు దాన్ని తీసుకెళ్ళి పోస్టు చేసేవారు. ముక్కూ మొహం తెలియని మనిషి మీద పెట్టుకునే ఆ నమ్మకమే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది.

క్రాన్‌మియర్‌కు ఇంతకంటే పాత కథ ఒకటి ఉంది. ఓక్‌హాంప్టన్ పట్టణానికి మేయర్‌గా పనిచేసిన బెంజమిన్ గేయర్ చనిపోయాక అతని ఆత్మకు శాంతి లేకపోయిందట. ఊరివాళ్ళను పీడిస్తుంటే మతగురువులు పట్టి బంధించి, ఒక జల్లెడ చేతికిచ్చి, క్రాన్‌మియర్ మడుగులోని నీళ్ళన్నీ తోడమన్నారు. జల్లెడతో నీళ్ళు తోడటం అయ్యే పని కాదు కదా, ఇక పీడ వదిలిందనుకున్నారు. గేయర్‌కు ఒకరోజు చచ్చిన గొర్రె కనిపించింది. తోలు తీసి జల్లెడకు పరిచాడు, మడుగు మొత్తం తోడేశాడు. కింద ఉన్న ఓక్‌హాంప్టన్ వరదలో మునిగింది. ఇప్పుడు మీరు అక్కడికి వెళ్తే నీటి మడుగు కనిపించదు, తడి గడ్డితో నిండిన పల్లం ఉంటుంది. పేరులో మడుగు ఉంది, నేల మీద లేదు. ఆ తేడాకు ఊరివాళ్ళు చెప్పుకున్న జవాబే ఈ కథ. మంచి స్థానిక కథ ఎప్పుడూ కళ్ళెదుట ఉన్న ఒక వింతను పట్టుకుని పుడుతుంది. వెతకాల్సింది ఆ వింతను.

మొదటిసారే క్రాన్‌మియర్‌కు మాత్రం వెళ్ళకండి. అది సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతంలో ఉంది, దారి కష్టం. మొదటి రోజుకు తగిన దారి కింద చెబుతాను.

మీ ముద్ర మీరే చెక్కండి

దుకాణంలో కొన్న ముద్ర వాడితే తప్పేమీ లేదు. కానీ చేత్తో చెక్కినదానికి ఉన్న విలువ వేరు. పెన్సిల్ రాతలు తుడిపే పెద్ద రబ్బరు ముక్క ఒకటి, లినో అనే మెత్తటి పలక మీద అచ్చు బొమ్మలు చెక్కడానికి వాడే చిన్న ఉలి ఒకటి తీసుకోండి. ఉలి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. బొమ్మ గీయడం పిల్లలకు వదిలేయండి.

బొమ్మను పల్చని బటర్ పేపరు మీద మెత్తటి పెన్సిల్‌తో ఒత్తి గీయాలి. ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి వెనుకనుంచి గోటితో రుద్దితే గీతలు రబ్బరు మీదికి దిగుతాయి. ఇలా చేస్తే బొమ్మ తనంతట తానే తిరగబడుతుంది, అచ్చు వేసినప్పుడు సరిగ్గా వస్తుంది. తెలుగు అక్షరం చెక్కాలనుకునేవారికి ఈ పద్ధతి తప్పనిసరి. మా అమ్మాయి మొదటిసారి నేరుగా రబ్బరు మీదే తన పేరులోని మొదటి అక్షరం గీసి చెక్కింది. అచ్చు వేస్తే తలకట్టు తప్పు వైపు తిరిగి ఉంది. గంటసేపటి పని పోయిందని ఏడ్చింది. రబ్బరు వెనుక వైపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి దాన్నే తిప్పి మళ్ళీ చెక్కాం.

గీతకు రెండు పక్కలా చెక్కేటప్పుడు ఉలిని బయటికి వాలుగా పట్టుకోండి. లోపలికి వాలిస్తే గీత అడుగు సన్నబడి నాలుగు అచ్చులకే విరిగిపోతుంది. సన్నని వివరాలు పెట్టకండి. బీడు మీద గాలిలో, చలికి వణికే వేళ్ళతో అచ్చు వేయాలి, మొద్దుగా ఉన్న బొమ్మే నిలుస్తుంది. మా ఇంటి ముద్ర చింతకాయ. మరుసటి ఏడాది అదే పెట్టె దగ్గరికి వెళ్తే, మా అచ్చు కింద ఎవరో ‘ఇది ఏ చెట్టు కాయ?’ అని రాసి ఉంచారు. మా వాడు సగం పేజీ జవాబు రాశాడు, పులిహోర సంగతితో సహా.

సంచిలో వేసుకోవలసినవి

గీతలు లేని మందపాటి కాగితాల పుస్తకం. ఇంకు ప్యాడు ఒకటి (పెట్టెలో ఉన్నది తరచూ ఎండిపోయి ఉంటుంది). పెన్సిల్, ఎందుకంటే తడిలో పెన్ను రాయదు. డిగ్రీలున్న దిక్సూచి. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 28 పటం. అందులో 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పాత గుడ్డ, జిప్పున్న ప్లాస్టిక్ సంచులు, ఈల, తల దీపం. తిండి, నీళ్ళు, వాన కోటు, చీలమండ దాకా వచ్చే బూట్లు. జీన్స్ ప్యాంటు వద్దు, తడిస్తే రోజంతా ఆరదు. ఫోనులో పటం ఉన్నా కాగితం పటం ఉండాల్సిందే. చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ త్వరగా తగ్గుతుంది.

సూచన చదవడం

పెట్టెల సూచనలు ఔత్సాహికులు వెలువరించే జాబితాల్లో, దాతృత్వ సంస్థల కోసం నిధులు సేకరిస్తూ అమ్మే కాగితాల్లో, తోటి నడకదారుల నోట దొరుకుతాయి. కొన్ని పెట్టెల్లో పక్క పెట్టెకు సూచన ఉంటుంది. సూచనలో ముందు గ్రిడ్ సంఖ్య, అంటే పటం మీద చోటును తెలిపే సంఖ్య, వస్తుంది. ఎస్‌ఎక్స్ అనే రెండు అక్షరాల తర్వాత ఆరు అంకెలు. మొదటి మూడు పటంలో ఎడమ నుంచి కుడికి, తర్వాతి మూడు కింది నుంచి పైకి. ఆరు అంకెలు మిమ్మల్ని వంద మీటర్ల గడిలోకి చేరుస్తాయి. ఆ తర్వాతి పని దిక్సూచిది.

ఉదాహరణకు నేనే అల్లిన సూచన ఒకటి: ‘టార్ కుడి అంచు 215. ఒంటరి చెట్టు 310. ఏటవాలు బండ నుంచి పల్లానికి 12 అంగలు.’

ఇందులో అందరూ తడబడే విషయం ఒక్కటే. ఆ డిగ్రీలు పెట్టె దగ్గర నిలబడి చూసినవి. అంటే పెట్టె దగ్గరి నుంచి చూస్తే టార్ అంచు 215 డిగ్రీల దిక్కున కనిపిస్తుంది. మీరు ఇంకా పెట్టె దగ్గర లేరు, టార్ దగ్గర ఉన్నారు. కాబట్టి దిక్కు తిరగేయాలి. 215లోంచి 180 తీసేస్తే 35. టార్ అంచు దగ్గర నిలబడి, దిక్సూచిని 35కి పెట్టి, ఆ గీత మీదే నడవండి. నడుస్తూ ఒంటరి చెట్టును చూస్తూ ఉండండి. మొదట 340 దగ్గర ఉన్న చెట్టు, మీరు ముందుకు వెళ్ళేకొద్దీ ఎడమకు జరుగుతూ 310కి వస్తుంది. అక్కడ ఆగండి. ఏటవాలు బండ కోసం ఇప్పుడు చూడండి. (తిరగేయాల్సిన అంకె 180 కంటే తక్కువైతే తీసేయకుండా 180 కలపాలి.)

దిక్సూచి చదివేటప్పుడు ఫోను జేబులో ఛాతీ దగ్గర ఉండకూడదు, ముల్లు పక్కకు లాగుతుంది. పిల్లలకు మాత్రం లెక్కతో మొదలుపెట్టకండి. వారిని పెరట్లో నిలబెట్టి, ‘నువ్వు చూస్తే నేను ఎటున్నాను? నేను చూస్తే నువ్వు ఎటున్నావు?’ అని అడగండి. రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

పాత సూచనలతో ఇంకో చిక్కు ఉంది. దిక్సూచి చూపే ఉత్తరం స్థిరం కాదు, ఏటేటా కొద్దికొద్దిగా జరుగుతుంది. 2022 నవంబరులో నిజమైన ఉత్తరం, పటం ఉత్తరం (పటం మీది నిలువు గీతలు చూపేది), అయస్కాంత ఉత్తరం మూడూ ఒకే గీత మీద కలిసి, డోర్సెట్ తీరంలోని లాంగ్టన్ మాట్రావర్స్ ఊరి దగ్గర బ్రిటన్ నేల మీదికి వచ్చాయి. నలభై ఏళ్ళ కిందట ఆ ప్రాంతంలో ముల్లు ఇప్పటికంటే పడమరకు వాలి ఉండేది. అందువల్ల 1980ల నాటి సూచనలో ఉన్న అంకె కంటే ఇప్పుడు మీ దిక్సూచి కొన్ని డిగ్రీలు తక్కువ చూపుతుంది. సూచన మీద ఏడాది రాసి ఉందేమో తప్పక చూడండి. చోటు సరిగ్గానే ఉంది, పెట్టె లేదనిపిస్తే చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది.

కథల దారి: హౌండ్ టార్ చుట్టూ ఒక రోజు

మొదటిసారి వెళ్ళేవారికి నేను చెప్పే దారి ఇది. స్వాలర్టన్ గేట్ దగ్గరి కారు పార్కింగ్ నుంచి హౌండ్ టార్, అక్కడి పాడుపడ్డ ఊరు, బోవర్‌మన్స్ నోస్, జేస్ గ్రేవ్ చూసి మళ్ళీ కారు దగ్గరికి. మొత్తం ఐదారు కిలోమీటర్లు. ఈ వైపు సైన్యం కాల్పుల ప్రాంతం లేదు. బయల్దేరే ముందు ఈ చుట్టుపక్కల ఉన్న రెండు మూడు పెట్టెల సూచనలు సంపాదించుకోండి. అంతకు మించి పెట్టుకుంటే కథలకు సమయం చాలదు.

మా అత్తయ్యగారు నల్లగొండ నుంచి వచ్చిన ఏడాది ఆమెను హౌండ్ టార్ దగ్గరికి తీసుకెళ్ళాం. కారు దిగి చూసి, “ఇదేమిటమ్మాయ్, ఇంత దూరం తీసుకొచ్చి మన గుట్టలే చూపిస్తున్నావు?” అన్నారు. ఆమె మాటలో నిజం ఉంది. డార్ట్‌మూర్ గ్రానైట్ వయసు సుమారు 28 కోట్ల ఏళ్ళు, హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వయసులో అంత తేడా ఉన్నా రెండూ భూమి లోపల చల్లారిన రాయే. పైనున్న పొరలు కొట్టుకుపోయాక, పగుళ్ళ వెంట నీరు దిగి, మెత్తబడిన భాగం పోయి, గట్టి భాగం బండ మీద బండగా మిగిలింది. రెండు చోట్లా మనుషులు ఆ బండల్లో మనుషులనే చూశారు.

ఇక్కడి కథ ఇది. బోవర్‌మన్ అనే వేటగాడు ఉండేవాడు. వేట మొదలైతే ఎవరి పొలమో, ఎవరి గుమ్మమో చూడడు. ఒకరోజు కుక్కలతో దూసుకుపోతూ మంత్రగత్తెలు కూడి ఉన్న చోటు మధ్యలోంచి వెళ్ళి వాళ్ళ పూజ చెడగొట్టాడు. వాళ్ళలో ఒకామె కుందేలుగా మారి అతనికి ఎదురుపడింది. సాయంత్రం దాకా కొండలన్నీ తిప్పి, అలసిపోయిన అతన్ని మంత్రగత్తెలు కాచుకుని ఉన్న చోటికి తీసుకొచ్చింది. వేటగాడు రాయైపోయాడు. హేన్ డౌన్ వాలు మీద టోపీ పెట్టుకున్న మనిషి మొహంలా, ఇరవై అడుగులు దాటిన ఎత్తున నిలబడ్డ బోవర్‌మన్స్ నోస్ అనే రాతి స్తంభం అతనే. కుక్కలు రాళ్ళైన చోటు హౌండ్ టార్. ఈ కథను కారు పార్కింగ్‌లో చెప్పకండి. హౌండ్ టార్ ఎక్కి, ‘ఇవి ఏ జంతువుల్లా ఉన్నాయి?’ అని పిల్లలను అడిగి, కుక్కల దాకా చెప్పి ఆపేయండి. వేటగాడు ఏమయ్యాడో ఉత్తరాన కిలోమీటరున్నర దూరం నడిచి అతని ఎదుట నిలబడ్డాకే చెప్పాలి. మా అత్తయ్యగారు ఆ రాతి ముందు నిలబడి పిల్లలకు అహల్య కథ చెప్పారు. రాయిగా మారిన మనిషి మళ్ళీ మనిషవుతాడని వాళ్ళకు అప్పుడే తెలిసింది. బోవర్‌మన్‌కు రాముడు ఎప్పుడు వస్తాడని మా వాడు దారంతా అడుగుతూనే ఉన్నాడు.

టార్‌కు ఆగ్నేయంగా, కొంచెం కిందికి దిగితే పాడుపడ్డ ఊరు. 13వ శతాబ్దం నాటి రాతి ఇళ్ళ పునాదులు, మోకాలెత్తు గోడలు. ఒకే పొడవాటి ఇంట్లో ఎగువ భాగంలో మనుషులు, దిగువ భాగంలో పశువులు ఉండేవారు. ధాన్యం ఆరబెట్టే బట్టీలు కూడా బయటపడ్డాయి. పంట ఎండలో ఆరనంతగా అక్కడ వానలు పడేవని ఆ బట్టీలే చెబుతాయి. ఇక్కడ ఒక్క రాయి కూడా కదపకూడదు. పెట్టెలు ఇలాంటి పురాతన కట్టడాల్లో దాచడం నిషిద్ధం, కాబట్టి సూచన ఎంత దగ్గరగా వచ్చినా గోడల్లో వెతకకండి.

చివరిది జేస్ గ్రేవ్. దారి పక్కన గడ్డి కప్పిన చిన్న సమాధి. కిటీ జే అనాథ. పనికోసం ఒక పొలం ఇంటికి పంపారు. అక్కడ ఒకడు మోసం చేశాడు, గర్భవతి అయింది, అవమానం భరించలేక ప్రాణం తీసుకుంది. అలా పోయినవారికి ఆ కాలంలో చర్చి ఆవరణలో చోటు ఉండేది కాదు, నాలుగు దారులు కలిసే చోట పూడ్చేవారు. ఇది కట్టుకథ అనుకునేవారు కూడా ఉండేవారు. 1860 ప్రాంతంలో తవ్వి చూస్తే నిజంగానే ఒక యువతి ఎముకలు దొరికాయి. వాటిని పెట్టెలో ఉంచి అక్కడే గౌరవంగా పాతిపెట్టారు. ఆ సమాధి మీద ఎప్పుడు చూసినా పువ్వులు ఉంటాయి. పెట్టేది ఎవరో తెలియదంటారు. మరీ చిన్న పిల్లలకైతే, ఎవరూ లేని ఒక అమ్మాయిని ఊరు చులకన చేసిందనీ, ఇప్పుడు ఎవరెవరో ఆమెకు పువ్వులు తెస్తున్నారనీ చెబితే చాలు. సమాధి దగ్గర పెట్టెల కోసం వెతకవద్దు. కాసేపు నిలబడి, అక్కడున్నవేవీ తాకకుండా ముందుకు వెళ్ళండి.

ఓపిక మిగిలితే విడికోంబ్ చర్చి అక్కడికి మూడున్నర కిలోమీటర్లు. 1638 అక్టోబరు 21న ఆదివారం ప్రార్థన జరుగుతుండగా పిడుగు చర్చిలోకి దూసుకొచ్చి నలుగురు చనిపోయారు, అరవైమంది దాకా గాయపడ్డారు. చర్చిలో నిద్రపోయిన పేకాటరాయుడి కోసం దయ్యం వచ్చిందని ఊరి కథ. దారిలో పౌండ్స్‌గేట్ సారాయంగడిలో ఆగి తాగితే, గొంతులో దిగుతున్న బీరు వేడి పెనం మీద నీళ్ళలా సుయ్యిమందట. దయ్యం అతన్ని ఎత్తుకుపోతుంటే చేతిలోంచి జారిన నాలుగు ఆసు ముక్కలు బర్చ్ టార్ దగ్గర నాలుగు పాత పొలాల ఆకారాలుగా ఇప్పటికీ కనిపిస్తాయి.

రాళ్ళలో చేయి పెట్టే ముందు

డార్ట్‌మూర్‌లో ఆడర్ అనే విషసర్పం ఉంది. ఎండ కాసిన రాళ్ళ దగ్గర పడుకుంటుంది. సందులో చేయి పెట్టే ముందు కర్రతో మెల్లగా తట్టి, వంగి చూడండి. ఇంటికి వచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనుక పేలలాంటి పురుగులు పట్టుకున్నాయేమో వెతకండి, వాటివల్ల జబ్బు వస్తుంది. గుర్రప్పిల్లలు ఎంత ముద్దుగా దగ్గరికి వచ్చినా తిండి పెట్టకండి, అది నిషేధం. మార్చి 1 నుంచి జులై 31 దాకా నేల మీద పక్షులు గూళ్ళు పెట్టే కాలం, కుక్క ఉంటే తాడు వదలకూడదు.

పెట్టె ఎప్పుడూ సహజంగా ఉన్న సందులో ఉంటుంది, ముందు ఒక పలక రాయి వదులుగా ఆనించి ఉంటుంది. చేత్తో తేలిగ్గా కదిలే రాయినే కదపాలి. నేలలో పాతుకున్నదాన్ని పెకలించవలసి వస్తోందంటే మీరు తప్పు చోట ఉన్నారు. తవ్వకండి, నాచు పీకకండి. దొరికాక అక్కడే కూర్చుని పుస్తకం తెరవవద్దు, దారినపోయేవారికి దాచిన చోటు తెలిసిపోతుంది. పెట్టెను పది పదిహేను అంగల దూరం తీసుకెళ్ళి, గాలికి వీపు పెట్టి కూర్చోండి. లోపల తడి ఉంటే గుడ్డతో తుడవండి. అచ్చు వేయండి, తేదీ వేయండి, ఒక వాక్యం రాయండి. మూత గట్టిగా బిగించి, పెట్టె ముందు ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపే పెట్టి, పలక రాయి ఆనించి, రెండడుగులు వెనక్కి వచ్చి చూడండి. మీకు తెలిసినా కనిపించకూడదు.

ఉత్తర బీడుకు వెళ్ళే రోజు వస్తే, కాల్పుల సమయాలు ముందే ప్రకటిస్తారు, అవి చూసుకుని బయల్దేరండి. ఎర్ర జెండా ఎగురుతుంటే, రాత్రి ఎర్ర దీపం వెలుగుతుంటే ఆ హద్దు దాటకూడదు. లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోవద్దు. విస్ట్‌మన్స్ వుడ్ అనే పొట్టి ఓక్ చెట్ల అడవిని బయటి నుంచే చూడండి. నాచు నలిగిపోతోందని లోపలికి రావద్దని కోరుతున్నారు.

పొగమంచు కమ్మితే

పిక్సీలనే చిట్టి మనుషులు బాటసారులను దారి తప్పిస్తారని డార్ట్‌మూర్‌లో నమ్మకం. విరుగుడు కూడా వాళ్ళే చెబుతారు: కోటు విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి తొడుక్కోవాలి.

ఒక అక్టోబరు మధ్యాహ్నం మాకు పది నిమిషాల్లో లోకం కనిపించకుండా పోయింది. దారి అటువైపేనని నేను, కాదని మావారు. ఇద్దరం గబగబా నడుస్తున్నాం, ఎవరమూ పటం తీయలేదు. మా అమ్మాయి ఆగి, కోటు తిరగేసుకుందామంది. ఆగాం. కోట్లు విప్పి, గుండీలు పెట్టుకునేసరికి ఇద్దరి కంగారూ తగ్గింది. అప్పుడు పటం తీశాం, వాగు చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో విన్నాం, దిక్సూచి పెట్టాం. ఆ విరుగుడులో ఉన్న తెలివి నాకు ఆ రోజు అర్థమైంది. కోటు తిరగేయాలంటే మనిషి నిలబడాలి.

నిలబడ్డాక కూడా దారి తేలకపోతే అక్కడే ఉండండి. ఈల నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి. సిగ్నల్ ఉంటే 999కి ఫోను చేసి ముందు పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే దళం) కావాలని చెప్పండి. పటం మీది గ్రిడ్ సంఖ్య చదివి వినిపించండి.

పిల్లల కోసం ఒక్కపూట పెట్టెలు

శాశ్వతంగా పెట్టె పెట్టాలంటే భూమి యజమాని అనుమతి, నేషనల్ పార్క్ నియమాలు, ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూసే ఓపిక కావాలి. దానికి తొందరపడకండి. పుట్టినరోజుకో సెలవురోజుకో, ఉదయం పెట్టి సాయంత్రం తీసేసే పెట్టెలు చాలు. అలాగైనా అనుమతి అవసరమైన చోట అడిగే పెట్టండి. ఏదీ వదలకుండా లెక్కపెట్టి తెచ్చుకోండి.

సూచనలను మన పొడుపు కథల పద్ధతిలో రాయండి. డిగ్రీలు చదవలేని వయసు పిల్లలకు ఇదే సరైన దిక్సూచి. మేము వాడినవి ఇవి:

‘విల్లు లేదు, బాణం లేదు, వేట మానలేదు. కుక్కలున్నాయి, మొరగవు. టోపీ ఉంది, తీయడు.’

‘గోడలున్నాయి, కప్పు లేదు. పొయ్యి ఉంది, పొగ లేదు.’

‘పట్టాలున్నాయి, ఇనుము లేదు. బండ్లు నడిచాయి, ఇంజను లేదు.’

మూడోది హేటార్ అనే మరో టార్ దగ్గరిది. అక్కడి క్వారీల నుంచి రాయి దించడానికి 1820లో గ్రానైట్‌నే పట్టాలుగా చెక్కి దారి వేశారు, గుర్రాలతో బండ్లు నడిపారు. 1831లో తెరిచిన లండన్ బ్రిడ్జికి ఆ రాయి వెళ్ళింది. పట్టాలు ఇప్పటికీ గడ్డిలో ఉన్నాయి, చక్రం ఆనిన అంచు వేలికి తగులుతుంది.

పొడుపు విప్పితే చోటు తెలుస్తుంది. పెట్టె మాత్రం ఆ కట్టడంలో కాక, అక్కడికి ఇరవై అంగల దూరంలో మామూలు రాతి పక్కన ఉండాలి. పెట్టెలో ముద్రతో పాటు కథలో తర్వాతి ముక్క రాసిన కాగితం పెట్టండి. కథ ముగింపు ఆఖరి పెట్టెలో ఉంటే, కాళ్ళు నొప్పులన్నవారు కూడా నడుస్తారు.

ఉత్తరం

ఇంటికి చేరగానే పుస్తకం విప్పి పేజీల మధ్య పాత పేపరు పెట్టి ఆరనివ్వండి. ప్రతి అచ్చు పక్కన ఆ చోటి కథను పిల్లల చేత వాళ్ళ మాటల్లో రాయించండి, తెలుగులోనే.

ఇప్పుడు అరుదే కానీ, పెట్టెలో ఎప్పుడైనా తపాలా బిళ్ళ అంటించిన కార్డు కనిపించవచ్చు. చదవకండి. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, తిరుగు దారిలో మొదట కనిపించే ఎర్ర డబ్బాలో వేయండి. మీ చిరునామా రాసిన కార్డు ఒకటి దాని స్థానంలో ఉంచండి. మేము ఉంచినది పదకొండు రోజులకు ఇల్లు చేరింది. వెనుక ఒక మూలన, మాకు తెలియని ముద్ర ఒకటి వేసి ఉంది: కుందేలు.